నూటపది గ్రాములు

హన్మకొండ చౌరస్తాల
ఉల్లిగడ్డల తక్కెడ మీద పెట్టి చూసిన.
నూటపది గ్రాములు.
పిడికిట్లో పట్టే నారింజరంగు సంచి,
లోపలి దిక్కు వెండి.
"గింతదాంట్ల మనిషి పడుతడా?"
ఉల్లిగడ్డలామె నవ్వింది.
పట్టే అవసరం రావద్దనే
కొనుక్కుంటరమ్మా ఇసొంటివి, అన్న.

రెండేండ్లు బ్యాగు అడుగున పడున్నది
టార్చిలైటుకూ అటుకుల పొట్లానికీ నడుమ,
సీలు విప్పని
బీమా కాయితం లెక్క.

పుష్యమాసం. తాడ్వాయి దాటినంక
పిట్టల లెక్కకు పోయినం ఇద్దరం,
నేనూ, వాచర్ ఈసం బుచ్చన్నా.
ఆయనకు తెలువని బండ లేదు ఆ వాగుల.
తెలిసిన బండ మీదనే జారిండు.
మొలలోతు నీళ్ళే,
కని పుష్యమాసపు నీళ్ళు.
బేస్ క్యాంపు ఇంకా ఏడు కిలోమీటర్లు.
పొద్దు గూకింది.
అగ్గిపెట్టె ఆయన జేబులనే ఉండె.

దవడలు టకటక కొట్టుకుంటున్నయి,
మాట సగంల పగిలిపోతున్నది.
అట్ల వణుక్కుంటనే చెప్పిండు:
"ముందుగాల కింద ఆకు పరువు సారూ.
పైన సలి కాదు, నేల తాగుతది మనిషిని."
టేకాకులు మోకాలెత్తు పోసిన.
పండ్లతోని చింపిన సీలు.
సంచి విప్పుకున్న సప్పుడుకు
ఎక్కడో కొండముచ్చు ఉలిక్కిపడి అరిచింది.

లోపల చిన్న కాయితం, దాని మీద అయిదు బొమ్మలు.
తడిబట్టలు విప్పు. కాళ్ళు పెట్టు.
భుజాల దాక గుంజు. తల కప్పు.
ముక్కూ నోరూ మాత్రం బయట ఉంచు.
అన్నిట్లా ఒక్కడే మనిషి.
పక్కన కూసున్నోని బొమ్మ లేదు.

నా స్వెటరు ఆయనకు తొడిగి
నేను బ్యాగుల కాళ్ళు పెట్టుకొని కూసున్న.
అప్పుడు యాదికొచ్చింది మా తాత గొంగడి.
మూడు కిలోలు.
రేగొండ చెలకల్ల వానకు గుడిసె,
ఈనే గొర్రెకు పక్క,
తడిసినా వెచ్చగనే ఉండేది.
దానికి ఊపిరి ఉండె. దీనికి లేదు.
పురుగు పడుతున్నదని
దాన్ని స్టీలు గిన్నెలాయనకు ఏసి
మూతున్న టిఫిను డబ్బా తీసుకున్న నేనే.
ఆ డబ్బాలనే ఉన్నయి ఇప్పుడు అటుకులు.
చెరి ఇంత తిన్నం.

గంటకోసారి పిలిచిన: బుచ్చన్నా!
సంచి కరకరమనేది.
అదే జవాబు.
చుక్కలు ఒరిగినయి. గుడ్లగూబ ఆపింది.
మూడింటికి పిలిస్తే
సంచి పలుకలేదు.
మళ్ళ పిలిచిన. పలుకలేదు.
చీకట్ల చెయ్యి వెతుక్కుంట పోయి
ముక్కు దగ్గర ఆగింది.
"ఏంది సారూ," అన్నడు,
"ఇప్పుడిప్పుడే కన్ను మలిగింది,
నిద్ర పోనియ్యవా?"
అంత మంచి తిట్టు
ఎన్నడూ తినలేదు.

తెల్లారి సంచిని తిరగేసిండు.
లోపలంతా సన్నటి తడి.
"వాగు ఇంకా ఆరలేదేందే?"
వాగుది కాదన్నా, నీ ఊపిరిది.
నమ్మలేదు. వేలుతో తీసి
నాలిక మీద పెట్టుకొని చూసిండు.
ఉప్పు లేదన్నడు.

తర్వాత మడత మొదలుపెట్టినం.
ఇద్దరు మనుషులు, నాలుగు చేతులు, అరగంట.
పిడికిలంత ఉన్నది
మెత్తంత అయింది తప్ప చిన్నగ కాలేదు.
ఒక్కసారి మనిషిని పట్టుకున్నంక
అది పాత కొలతకు రానన్నది.
నీ దగ్గరనే పెట్టుకోమన్న.

ఎండకాలం పడంగ ఆ దిక్కు పోతే
బుచ్చన్న వాకిట్ల కండ్లు చెదిరే మెరుపు.
సంచిని నిలువునా చీరి పరిచి
ఇప్పపువ్వు ఎండబోసిండు.
"కింద నుంచి కూడ ఎండ తాకుతది సారూ,
రెండొద్దులది ఒక్కొద్దుల ఆరుతది."
ఆయన కోడలు అంచుల మీద రాళ్ళు సర్దుతున్నది.
ఎగిరిపోతదేమోనని.

ఈసారి రెండు కొన్న.
రెండొందల ఇరవై గ్రాములు.
అగ్గిపెట్టె నా జేబుల ఒకటి.
తక్కెడకాడికి పోలేదు గాని,
ఉల్లిగడ్డలామె నన్ను చూసి
చెయ్యి ఊపింది.